రెండు పెన్నీల అల్లిక సంచికలు

ఇల్లు సర్దుకొనునప్పుడు పాత కాగితములలో మొదట బయటికి పోవునవి యేవి యని యాలోచించినచో, చరిత్ర యెట్లు నశించునో కొంత తెలియగలదు. దస్తావేజులు పెట్టెలో భద్రముగా నుండును. ఉత్తరములు కొన్నాళ్లయినను దాచబడును. బైండు చేసిన గ్రంథములు బీరువా కెక్కును. కాని నెలనెలకు వచ్చు పలుచని సంచిక, అందును ఇంటిపనిని గూర్చినది, పని తీరగానే పొట్లము కట్టుటకో పొయ్యి రాజవేయుటకో పోవును. ఇంగ్లండు దేశమున పందొమ్మిదవ శతాబ్దమున వెలువడిన అల్లిక సంచికలకు చాలవరకు పట్టిన గతి యిదియే. నేడు మిగిలిన వానిని ఏరి కూర్చుచున్నవారిని చూచి, పాత కాగితములపై నింత మోజేమి యని నవ్వువారు గలరు. కాని స్త్రీల చేతివిద్య యొకటి నోటిమాటనుండి అక్షరములోనికి వచ్చిన కథకు ఆ కాగితములే సాక్ష్యములు. అవి పోయినచో ఆ కథయు పోవును.

ఇచట అల్లిక యనగా, రెండు సూదులతో ఒక్క ఉన్నిదారమును కుట్టు వెంట కుట్టుగా లాగి బట్టను పుట్టించు పని. మగ్గమునకు పడుగును పేకయు కావలెను. దీనికి దారమొక్కటే చాలును. ఇందలి మూలపు కుట్లు రెండే. ఒకటి ఎదుటనుండి తీయు నేరు కుట్టు. రెండవది వెనుకకు త్రిప్పి తీయు తిరుగు కుట్టు. రెండు కుట్లను ఒకటిగా కలిపినచో బట్ట వెడల్పు తగ్గును. దారమును సూదికి చుట్టి క్రొత్త కుట్టు చేర్చినచో వెడల్పు పెరుగును, నడుమ రంధ్రము నేర్పడును. మేజోడు మొదలు సన్నని శాలువ వరకు గల వైచిత్ర్యమంతయు ఈ కొద్దిపాటి పనుల కూర్పే. ఎన్నవ కుట్టులో ఏ పని చేయవలెనో చెప్పు వివరమునకే నమూనా యని పేరు.

ఈ నమూనాలు చిరకాలము కాగితము నెరుగవు. తల్లి చేతిని చూచి కూతురును, అత్త చేతిని చూచి కోడలును నేర్చుకొనుచు వచ్చిరి. లండనులో 1655వ సంవత్సరమున ‘నేచురా ఎక్సెంటెరాటా’ యను గ్రంథ మొకటి అచ్చయ్యెను. అది ప్రధానముగా ఔషధయోగముల సంపుటి. అందు మేజోడు అల్లు విధానము కూడ చేర్చబడినది. ఆంగ్లభాషలో అచ్చయిన అల్లిక విధానములలో నేటికి తెలిసినంతవరకు అదియే మొదటిది. కాని అది కుదురైన పరిభాష యేదియు లేక, వాక్యము వెంట వాక్యముగా సాగిపోవును. అల్లిక ముందే తెలిసినవారికి గాని దాని భావము అంతుపట్టదు. వ్రాతయున్నను లిపి లేదనవలెను. సంగీతమునకు స్వరలిపి యెట్టిదో, అల్లికకు అట్టి గుర్తుల భాష యొకటి కావలసియుండెను.

ఆ భాషను కల్పించుటకు పూనుకొన్న వారిలో ముఖ్యురాలు స్కాట్లండు దేశపు ఎడింబరో నగరవాసిని జేన్ గోగేన్. ఆమె దర్జీ కుమార్తె; ఆమె భర్త కుట్టుపని సామగ్రి నమ్ము వర్తకుడు. 1840లో ఆమె అల్లికను గూర్చిన గ్రంథమును చందాదారుల సాయమున ప్రకటించెను. అందు నేరు కుట్టునకు ఒక యక్షరము, తిరుగు కుట్టునకు ఒకటి, కుట్లను కలుపుటకు ఒకటి, చేర్చుటకు ఒకటి నిర్ణయించి, పుట పట్టు సంగతిని రెండు మూడు పంక్తులలో ఇమిడ్చెను. ఆ యక్షరములు తరువాతి కాలమున మారినవి గాని పద్ధతి మాత్రము నిలిచినది. మూడేండ్లకు, అనగా 1843లో, ఫ్రాన్సెస్ లాంబర్టు తన అల్లిక పుస్తకమును ప్రకటించి, సూదుల లావును కొలుచు సాధనమును అందు వర్ణించెను. ఒక్కొక్క వర్తకుడు ఒక్కొక్క సంఖ్య చెప్పు కాలమున, కొలత లేని నమూనా వ్యర్థమని ఆమె గ్రహించెను. ఆంగ్లేయుల పాత లెక్కలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నగిల్లును. 8వ సంఖ్య సూది నేటి 4 మిల్లీమీటర్ల లావు. 14వ సంఖ్య సూది 2 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ సంగతి తెలియక పాత నమూనాను పట్టినవారికి పెద్దవారి మేజోడు పసిబిడ్డ కాలికి సరిపోవుటయు, పసిబిడ్డ టోపీ పెద్దవారి తల కెక్కుటయు కద్దు.

ఇట్టి గ్రంథములు మొదట కలిగినవారి యిండ్లకే చేరెను. అవి సామాన్య కుటుంబములకు దిగివచ్చుటకు కారణములు అల్లికలో లేవు, దేశపు చట్టములలో నున్నవి. 1840లో బ్రిటనునందు ఒక పెన్నీ తపాలా వచ్చెను. 1861లో కాగితముపై పన్ను రద్దయ్యెను. 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టముచే బడులు హెచ్చి, చదువగల బాలికల సంఖ్యయు హెచ్చెను. అంతకు ముందే, పెద్ద గ్రంథమును చిన్న భాగములుగా నమ్మినచో కొనువారు పెరుగుదురని ప్రకాశకులు కనిపెట్టియుండిరి. డికెన్సు తన ‘పిక్విక్ పేపర్స్’ నవలను 1836-37 సంవత్సరములలో నెలకొక భాగముగా, భాగమునకు షిల్లింగు వెలతో ప్రకటించిన సంగతి చదువరు లెరిగినదే. నవలకు నడచిన మార్గము సూదిపనికిని నడచెను. ఎలియనోర్ రియెగో ద లా బ్రాంషార్డియేర్ అను రచయిత్రి 1852లో ‘ది నీడిల్’ అను పేర సూదిపనికే ప్రత్యేకించిన పత్రికను ఆరంభించెను.

ఈ మార్గమున మిక్కిలి పేరుగాంచినది లండనునగరపు వెల్డన్సు సంస్థ. వారు సుమారు 1885 ప్రాంతమున పదునాలుగు పుటల మాససంచికలను ప్రకటింపసాగిరి. వెల రెండు పెన్నీలు. ఒక్కొక్క సంచికలో ఒక్కటే విద్య. ఒక నెల రెండు సూదుల అల్లిక, వేరొక నెల కొక్కెపు సూదితో చేయు క్రోషా, మరియొక నెల పాత గుడ్డముక్కలను జత చేయు కుట్టు. ఇట్లు వంతులవారిగా వచ్చుచుండెను. మరల అల్లిక వంతు వచ్చినప్పుడు అది రెండవ వరుస యనియు మూడవ వరుస యనియు పేరు పొందును. 1888 నుండి పండ్రెండేసి సంచికలను గుడ్డ అట్టతో బైండు చేసి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలకు అమ్మిరి.

ఈ వెలలను గూర్చి కొంచెము లెక్క వేయుదము. షిల్లింగునకు పండ్రెండు పెన్నీలు గనుక సంపుటము వెల ముప్పది పెన్నీలు. విడిసంచికలు పండ్రెండును కొన్నచో ఇరువది నాలుగే. భేదము ఆరు పెన్నీలు. కాని ముప్పది పెన్నీలు ఒక్కసారి చేత నున్న గృహిణి వేరు. ఈ నెల రెండు, వచ్చు నెల రెండు చొప్పున ఇంటిఖర్చులో మిగిల్చుకొను గృహిణి వేరు. సంచికల వారి ప్రకటన యనునది రెండవ యామెకు తలుపు తెరచెను. ఆమె తనకు కావలసిన విద్య వచ్చిన నెల కొని, అక్కరలేని నెల మానుకొనవచ్చును. విద్యను పూర్తిగా కొనలేనివారు తునుకలుగా కొనవచ్చునన్నమాట.

కొన్న దానిలో నేమున్నది? మేజోళ్లు, చేతితొడుగులు, బిడ్డల టోపీలు, లోపావడాలు, శాలువలు, మంచపు దుప్పట్లు, అంచులకు కుట్టు అల్లిక పట్టీలు. ఛాయాచిత్రములకు బదులు చెక్కడపు బొమ్మలు. వాని ప్రక్కన అంకెలతోను పొట్టి యక్షరములతోను నిండిన పంక్తులు. ఈ పంక్తులను చదువుట నిజముగా గణితమే. ఒక నమూనా ఆరు కుట్లకొకసారి తిరిగి వచ్చుననియు, ఇరుప్రక్కల రెండేసి కుట్లు అంచునకు విడువవలెననియు అనుకొందము. సూదిపై నూరు కుట్లున్నచో, నాలుగు తీసివేయగా తొంబదియారు. దానిని ఆరుచే భాగించగా నమూనా పదునారు మారులు సరిగా వచ్చును. నూట రెండు కుట్లు వేసికొన్నచో రెండు కుట్లు మిగిలి పనియంతయు వక్రించును. మేజోటి మడమను త్రిప్పునప్పుడు ఈ లెక్క మరింత సూక్ష్మమగును. తమకు లెక్కలు రావని చిన్ననాటినుండి వినుచు పెరిగిన స్త్రీలు, ఆ లెక్కలను ప్రతి సాయంకాలము వ్రేళ్లపై నడపుచుండిరి.

ఇచట మరియొక సంగతి దాచరాదు. 1862 నాటి విద్యానిబంధనలచే, ప్రభుత్వపు సాయమును పొందు బడులలో బాలికలకు సూదిపని నిర్బంధమయ్యెను. బాలురు అంకగణితము చేయు గంటలో బాలికలు అంచులు మడిచి కుట్టుచుండిరి. కావున సూదిపని స్త్రీకి విద్య యని పొగడుటయు, అదియే ఆమె యితర విద్యలకు అడ్డు వచ్చిన దనుటయు రెండును సత్యములే. ఈ సంచికలు స్త్రీని ఇంటికి కట్టివేసినవా, ఆమె చేతికొక స్వతంత్ర విద్య నిచ్చినవా యని యడుగువారికి ఒక్కమాటలో ఉత్తరము లేదు. ఆ కాగితములను ముందుంచుకొని, వెలను చూచి, వస్తువులను చూచి, ఎవరి కొరకు వ్రాయబడినవో విచారించిన గాని ఉత్తరము దొరకదు.

మరియు వీనిలో మన కంటికి తగులు లోపమొకటి గలదు. గోగేన్, లాంబర్టు, రియెగో తమ పుస్తకములపై తమ పేర్లు వేసికొనిరి. వెల్డన్సు సంచికలపై సంస్థ పేరే గాని, ఆ నమూనాలను కల్పించి, అల్లి, సరిచూచి వ్రాసిన చేతుల పేర్లు కానరావు. విద్య చౌకయై యింటింటికి చేరిన కాలముననే విద్యావంతురాలి పేరు చెరిగిపోయెను. లాభమును నష్టమును ఒక్క కాగితముపైననే యున్నవి.

ఇరువదవ శతాబ్దమున ఛాయాచిత్రములు వచ్చెను. ఉన్నిని తయారుచేయు సంస్థలే నమూనాలను ప్రకటింపసాగెను. ప్యాటన్స్ అండ్ బాల్డ్విన్స్ ఉన్ని సంస్థతో సంబంధము గల ‘స్టిచ్‌క్రాఫ్ట్’ మాసపత్రిక 1932లో ఆరంభమై సుమారు అర్ధశతాబ్దము నడచెను. ఉన్ని యమ్ముడు పోవలె నన్నచో నమూనా కావలెను. నమూనా వచ్చిన నెల ఉన్ని యమ్ముడు పోవును. ఈ వ్యాపార రహస్యము తెలిసినవారికి పత్రికలోని ప్రతి రంగునకును కారణము తోచును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ సంచికలే దేశపు కరవునకు దినచర్య పుస్తకములయ్యెను. బ్రిటనులో వస్త్రముల రేషను 1941 జూను 1వ తేదీన మొదలై 1949 మార్చి 15వ తేదీ వరకు నడచెను. మొదటి సంవత్సరమున మనిషికి 66 కూపనులు. అల్లిక యున్నికి రెండు ఔన్సులకు ఒక కూపను. ఎనిమిది ఔన్సుల యున్ని పట్టు చొక్కా అల్లదలచిన గృహిణికి నాలుగు కూపనులు కావలెను. అందుచే తక్కువ యున్నితో తీరు నమూనాలకును, పాత చొక్కాను విప్పి ఆ దారముతోనే క్రొత్తది యల్లు ఉపాయములకును విలువ హెచ్చెను. సైనికుల కొరకు మేజోళ్లు, చేతితొడుగులు, మెడపట్టీలు అల్లు నమూనాలు విరివిగా వెలువడెను. కాగితమునకును రేషనే గనుక పత్రికలు సన్నగిల్లెను. సేనాధిపతుల జ్ఞాపకములలో ఈ సంగతులు దొరకవు. ఎనిమిది ఔన్సుల లెక్క యుద్ధచరిత్రలో భాగమని తెలుపునవి ఆ పలుచని పుటలే.

ఇక వానిని కూర్చినవారి మాట. 1972లో జేన్ వాలర్ అను రచయిత్రి 1920 మొదలు 1940ల వరకు గల నమూనాలను ఏరి ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్’ అను గ్రంథముగా ప్రకటించెను. 2008లో సూసన్ క్రాఫర్డుతో కలిసి దానిని పెంచి మరల వెలువరించునప్పుడు, నాటి యున్ని నేడు దొరకదు గనుకను, నాటి నమూనా లొక్క కొలతకే వ్రాయబడినవి గనుకను, నేటి యున్నికిని నేటి కొలతలకును తగినట్లు వానిని తిరిగి వ్రాయవలసి వచ్చెను. రిచర్డ్ రట్ అను నాతడు కొరియా దేశమున మతాచార్యుడుగా నుండి, తరువాత ఇంగ్లండులో లెస్టర్ బిషప్ పదవి నలంకరించినవాడు. స్వయముగా అల్లిక నెరిగినవాడు. తాను కూర్చిన పాత పుస్తకముల ఆధారమున 1987లో చేతి యల్లికల చరిత్రను వ్రాసెను. రట్, వాలర్, మోన్సె స్టాన్లీ యను మువ్వురు కూర్చిన గ్రంథములును సంచికలును నేడు వించెస్టర్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ గ్రంథాలయమున నున్నవి. వానిలో పందొమ్మిదవ శతాబ్దపు పుస్తకములు కొన్ని అంతర్జాలమున ఎల్లరును ఉచితముగా చదువుకొనునట్లు ఉంచబడినవి. వెల్డన్సు సంపుటములలో మొదటి పండ్రెండింటిని అమెరికాలోని ఇంటర్‌వీవ్ సంస్థ 1999 మొదలుకొని యథాతథముగా పునర్ముద్రించెను. ‘ఆంటీక్ పాటర్న్ లైబ్రరీ’ అను పేర కొందరు స్వచ్ఛందముగా పాత నమూనాల ప్రతిరూపములను తీసి లోకమునకు పంచుచున్నారు.

ఈ కూర్పు సులభమైన పని కాదు. విడిసంచికలపై సంవత్సరము వేయు నలవాటు అందరికి లేకుండెను. అందుచేతనే వెల్డన్సు వారి యారంభమును గూర్చి కూడ ‘సుమారు 1885’ అని చెప్పవలసి వచ్చినది. బైండు చేయునప్పుడు పైయట్టలను, ప్రకటనల పుటలను చింపివేయుట వాడుక. చింపిన యా పుటలలోనే ఉన్ని వెలయు, సూదుల వెలయు, ఆ నాటి యింటి కోరికలును ఉండును. పుట యంచున పెన్సిలుతో గీచిన గీతలు, ముగించిన వరుసల లెక్క, దిద్దిన యంకె — ఇవి చదువరి మిగిల్చిన గుర్తులు. శుభ్రమైన ప్రతి కొరకు వెదకు సంగ్రాహకుడు వీనిని మచ్చలని విసర్జించును. చరిత్రకారుడు వీని కొరకే వెదకును. ఎవతె యెక్కడ తడబడెనో, అచ్చు తప్పును ఎవతె దిద్దుకొనెనో అవియే చెప్పును. అచ్చులోని తప్పును కనుగొనుటకు మార్గ మొక్కటే: ఆ నమూనాను మరల అల్లి చూచుట. చదువుటకును చేయుటకును భేదము లేని చరిత్ర మరెక్కడను ఇంత స్పష్టముగా కానరాదు.

ఇంతవరకు చెప్పినది ఇంగ్లండు కథ. కాని పేరు లేని చేతుల ప్రశ్న మన గోదావరి తీరమునకును వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మతప్రచారకులు నరసాపుర ప్రాంతమున లేసు అల్లికను ప్రవేశపెట్టిరి. ఒక్క కొక్కెపు సూదితో నూలుదారమును అల్లు ఈ పని ఊరూర వ్యాపించి, ఇండ్లలోనే సాగి, విదేశములకు సరకయ్యెను. జర్మను పండితురాలు మరియా మీస్ అచట పరిశోధన చేసి 1982లో ప్రకటించిన గ్రంథమున చూపిన ముఖ్యవిషయ మేమనగా, దినమున అనేక గంటలు లేసు అల్లు స్త్రీలు పనివారుగా గాక, తీరికవేళ చేతులాడించు గృహిణులుగా ఎంచబడుచుండిరనియు, లాభము వర్తకులకు పోవుచుండెననియును. పని యింటిలో జరిగిన మాత్రమున పని కాకుండ పోయెను. ఇంగ్లండులో ఆ విద్య కనీసము కాగితముపై నిలిచి, పేరు మాత్రము పోయినది. ఇచట విద్య నోటిమాటతోను చేతివాటముతోను నడచుటచే, పేరుతోబాటు నమూనా కూడ పోవు ప్రమాదము గలదు.

కావున పాత సంచికలను కూర్చుట కేవలము తీరికవారి వేడుక యని తోసివేయరాదు. తీరికవేళ పని యని లోకము పేరుపెట్టిన దానిలో ఎంత బుద్ధి, ఎంత లెక్క, ఎంత శ్రమ యున్నదో చూపుటకు మరి సాక్ష్యము లేదు. మన యిండ్లలోను చుక్కల ముగ్గుల పుస్తకములు, అల్లిక నమూనా ముక్కలు, ఊరగాయల కొలతలు వ్రాసిన చిట్టాలు అటకలపై నున్నవి. వానిని విసరివేయుటకు ముందు రెండు మాటలు వ్రాసి యుంచుట కష్టము కాదు: ఇది ఎవరిది, ఏ యేట వ్రాసినది. వెల్డన్సు సంచికలలో లోకమునకు దక్కని సమాచారము సరిగా ఇంతే. రెండు పెన్నీల కాగితముపై ఆ పేరు లేకపోవుటచే కలిగిన వెలితిని నూరేండ్ల వెదకులాటయు పూరింపలేకపోయినది. మన యింటి కాగితముపై దానిని చేర్చుటకు ఒక్క నిమిషము చాలును. ఆ చేయి గల మనిషి జీవించియుండగనే చేర్చిన మరింత మేలు.